ఎర్ర గీత పడని తప్పులు: ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసు కేస్ స్టడీ

ఈ కేసులో సంస్థ పేరు, కొనుగోలుదారు పేరు, బ్యాంకుల పేర్లు, డబ్బు మొత్తాలు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. కాగితాల్లో దొర్లిన తప్పుల తీరు మాత్రం మార్చలేదు, ఈ కేసు రాస్తున్నదే వాటి కోసం.

నేపథ్యం

చీమకుర్తి రాయి గురించి ప్రకాశం జిల్లా వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. బ్లాక్ గెలాక్సీ అనే ఇక్కడి నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు, కాగితాల్లో గ్రానైట్ అని రాస్తారు, బ్యాంకు దాన్నే చదువుతుంది. రాయి నిజంగా ఏమిటన్నది బ్యాంకు పని కాదు. ఈ కేసంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

సంస్థ ఒంగోలు, చీమకుర్తి మధ్య ఉన్న ఓ మోస్తరు ఫ్యాక్టరీ. పెద్దాయన యజమాని, యార్డులో ఒక సూపర్‌వైజర్, ఆఫీసులో బీకాం చదివిన ఒక అమ్మాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కస్టమ్స్ ఏజెంటుకి మెయిళ్ళు, షిప్పింగ్ కంపెనీతో బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కిందని ఆ కంపెనీ ఇచ్చే కాగితం) వ్యవహారం, అన్నీ ఆ అమ్మాయే చూసుకుంటుంది. తెలుగు మీడియంలో చదివింది. లెక్కల్లో దిట్ట. ఇంగ్లిష్ చెవికి వినపడినట్టు రాస్తుంది.

నేను ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో పనిచేసి బయటికొచ్చాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కల చిన్న ఎగుమతిదారులకి ఎల్‌సీ కాగితాలు చూసిపెడుతుంటాను. ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, అందులో చెప్పినట్టు కాగితాలు ఇస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ. వీళ్ళు నన్ను పిలిచేసరికే దెబ్బ తగిలింది.

సమస్య

యూరప్ కొనుగోలుదారు ఒకరు స్టీల్ గ్రే అనే రాయి పలకలు ఆర్డర్ ఇచ్చారు. కాలిబాటల మీద పరచడానికి కాబట్టి ఫ్లేమ్డ్ ఫినిష్ అడిగారు. అంటే రాయి ముఖాన్ని మంటతో కాల్చి గరుకు చేయడం, తడిసినా కాలు జారదు. (గెలాక్సీకి సాధారణంగా ఆ పని చేయరు, దాని విలువంతా మెరుపులోనే ఉంది.) ఎల్‌సీలో సరుకు వివరం దగ్గర ఫ్లేమ్డ్ అనే ఉంది. వీళ్ళ ఇన్‌వాయిస్‌లో ఫ్రేమ్డ్ అని పడింది. ఎల్ ఉండాల్సిన చోట ఆర్.

ఎలా పడిందో వెనక్కి వెళ్ళి చూశాం. యార్డు సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పంపిన సరుకు వివరంలోనే ఫ్రేమ్డ్ అని ఉంది. ఫోన్ కీబోర్డు మార్చిందో, ఆయనే అలా కొట్టాడో తేలలేదు. ఆ అమ్మాయికి అందులో అనుమానించాల్సింది ఏమీ కనపడలేదు. పలకల్ని ఎ ఆకారం చెక్క ఫ్రేముల్లో నిలబెట్టి కంటెయినర్‌లోకి ఎక్కిస్తారు. ఫ్రేముల్లో పెట్టినవి కాబట్టి ఫ్రేమ్డ్ అనుకుంది. కంప్యూటర్‌కీ అనుమానం రాలేదు, అది ఇంగ్లిష్‌లో ఉన్న మాటే కాబట్టి కింద ఎర్ర గీత పడలేదు.

విదేశీ బ్యాంకు కాగితాలు తిరస్కరించింది. ఎల్‌సీల విషయంలో బ్యాంకులు పాటించే యూసీపీ 600 నిబంధనలు 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి 18వ ఆర్టికల్ ప్రకారం ఇన్‌వాయిస్‌లోని సరుకు వివరం ఎల్‌సీలోని వివరానికి సరిపోవాలి. బ్యాంకుకి కాగితాలు అందాక పరిశీలనకి గరిష్ఠంగా 5 పనిదినాలు. ఆ గడువులోపే నోటీసు వచ్చేసింది.

"ఏంది సార్ ఇది? రాళ్ళు రాళ్ళే గదా. ఒక్క అక్షరానికి డబ్బులు ఆపేస్తారా?" అన్నారు యజమాని.

ఆపేస్తారు. బ్యాంకు యార్డుకొచ్చి రాయి తడిమి చూడదు. రాళ్ళ వ్యాపారంలో ఫ్రేమ్డ్ అనే ఫినిష్ లేదన్న సంగతి బ్యాంకులో కూర్చున్న మనిషికి తెలియాలన్న రూలూ లేదు. ఇన్‌వాయిస్ మన సొంత కాగితమే, దిద్ది మళ్ళీ ఇవ్వొచ్చు. కానీ ఎల్‌సీలో వేరే గడువు రాయకపోతే, సరుకు ఓడెక్కిన 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకుకి చేరాలి. వీళ్ళు చివర్లో ఇచ్చారు. దిద్దడానికి రోజులు మిగల్లేదు. కంటెయినర్లు రేవులో దిగాయి, డెమరేజ్ (రేవులో గడువు దాటి ఉంచినందుకు కట్టే ఛార్జీ) మొదలయ్యే టైమ్ దగ్గరపడింది. కొనుగోలుదారు తప్పుని మన్నిస్తానన్నాడు, ధర తగ్గిస్తే. యజమాని తగ్గించారు. అసలు నష్టం అక్కడ జరిగింది. బ్యాంకు వేసిన డిస్క్రిపెన్సీ (కాగితాలు ఎల్‌సీకి సరిపోకపోవడం) ఛార్జీ దాని ముందు చాలా చిన్నది.

అప్పటికే వాళ్ళు చేసినవి

నేను వెళ్ళేసరికి ఆఫీసు గోడ మీద ఒక చార్టు ఉంది. తరచూ తప్పుపోయే ఇంగ్లిష్ మాటలు, పక్కన సరైన స్పెల్లింగ్. యజమాని బంధువుల అబ్బాయి తయారుచేసిచ్చాడట. అడ్రస్‌లో రెండు డీలు, కమర్షియల్‌లో రెండు ఎమ్‌లు, కమిషన్‌లో ఎమ్ రెండు, ఎస్ రెండు, రిసీవ్డ్‌లో ముందు ఇ తర్వాత ఐ. శ్రద్ధగా చేసిన పనే. ఆ అమ్మాయి తప్పులన్నీ ఒక కుదురు నుంచే వస్తున్నాయని కూడా అది చూస్తే తెలుస్తుంది. మన భాషలో ద్విత్వం రాస్తే పలుకుతాం. అమ్మ, అద్దం, కప్ప. ఇంగ్లిష్‌లో రెండు అక్షరాలు రాసినా పలుకు ఒకటే. అడ్రస్ అని వినేవాళ్ళు ఒక డీ రాయడంలో వింతేముంది?

దాంతోపాటు ప్రతి కాగితం స్పెల్ చెక్ చేయాలి, ఎర్ర గీత ఒక్కటి కూడా ఉండకూడదు అని పెద్దాయన ఆర్డర్ వేశారు. ఆ అమ్మాయికి టెన్షన్ ఎక్కువైంది తప్ప తిప్పలు తగ్గలేదు.

తర్వాతి ఎల్‌సీలో కొనుగోలుదారు పేరులో గ్రానీతి అనే ఇటాలియన్ మాట ఉంది. ఇంగ్లిష్ గ్రానైట్‌కి చివర ఇ ఉన్న చోట దీనికి ఐ. ఎర్ర గీత పడింది. కంప్యూటర్ గ్రానైట్ అని సూచించింది. ఆర్డర్ ప్రకారం ఆ అమ్మాయి నొక్కేసింది. మనిషి పేరో, కంపెనీ పేరో అయితే ఏ దేశం వాళ్ళది ఆ దేశం స్పెల్లింగే కదా అని ఆలోచించే తీరిక ఆ ఆర్డర్ ఆమెకి ఇవ్వలేదు. బీఎల్ ముసాయిదాలో నోటిఫై పార్టీ (సరుకు చేరిందని కబురు అందాల్సినవాళ్ళు) దగ్గరికీ అదే పాకింది. ఇక్కడి బ్యాంకులో చూసే ఆయన పట్టుకోబట్టి ఆగింది. బీఎల్ ఒరిజినల్ వచ్చాక అయితే దిద్దుబాటుకి షిప్పింగ్ కంపెనీకి డబ్బు కట్టాలి, రోజులు పోతాయి.

ఫైళ్ళలో ఏం కనపడింది

సలహా ఇచ్చే ముందు పాత ఫైళ్ళు అడిగాను. తప్పుల్ని ఏరి, ఏది డబ్బు ఆపగలదు, ఏది ఆపలేదు అని వేరు చేయాలనుకున్నాను. ఎన్ని తప్పులున్నాయన్న లెక్క ఆఫీసు దగ్గర ఉంది. ఏ తప్పుకి ఎంత బరువన్న లెక్క ఎవరి దగ్గరా లేదు.

పాలిష్డ్‌లో ఇ ఎగిరిపోయిన ఇన్‌వాయిస్‌లు, ఆరిజిన్‌లో ఐ లేని లెటర్లు, క్వాంటిటీలో టి తగ్గిన ప్యాకింగ్ లిస్టులు బోలెడు. వాటిలో ఏ ఒక్కదాని మీదా బ్యాంకు అభ్యంతరం లేదు. కారణం ఉంది. పారిస్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ వాణిజ్య మండలి, ఐసీసీ, 2013లో తెచ్చిన, బ్యాంకులు కాగితాలు ఎలా పరిశీలించాలో చెప్పే ఐఎస్‌బీపీ 745లో ఎ23 పేరా దీని గురించే. మాట అర్థం గానీ వాక్యం అర్థం గానీ మారనంత వరకు స్పెల్లింగ్ తప్పు డిస్క్రిపెన్సీ కాదు. వాళ్ళిచ్చిన ఉదాహరణల్లో మెషీన్‌ని సీహెచ్ బదులు ఎస్‌హెచ్‌తో రాయడం ఒకటి, ఫౌంటెన్ పెన్‌లో ఐ పోవడం ఇంకొకటి. అదే పేరాలో మోడల్ 321 అని ఉండాల్సిన చోట మోడల్ 123 అని పడితే మాత్రం తప్పే అని ఉంది.

అంటే గోడ చార్టు ఏ మాటల మీద పోరాడుతోందో అవి బ్యాంకు పట్టించుకోని మాటలు. చూడగానే తప్పని తెలిసే మాట ఎవరినీ మోసం చేయదు, అసలు మాట ఏదో చదివినవాళ్ళు ఊహించుకుంటారు. ఫ్రేమ్డ్ చూసినవాళ్ళు ఊహించుకోరు. దానికి సొంతంగా ఒక అర్థం ఉంది, ఆ అర్థమే చదువుతారు. ప్రమాదమంతా ఒప్పులా కనపడే తప్పులో ఉంది, దాన్ని పట్టడం స్పెల్ చెక్ వల్ల కాదు.

ఫైళ్ళలో ఇంకో గుంపు కనపడింది. ఇంగ్లిష్ తన దగ్గర సరైన మాట లేక వేరే భాషల నుంచి ఉన్నది ఉన్నట్టు తెచ్చుకున్నవి. ఎగుమతి కాగితాల్లో ఇవి అడుగడుగునా తగులుతాయి. ప్రోఫార్మా (అమ్మకానికి ముందు పంపే ఇన్‌వాయిస్) లాటిన్. కంటెయినర్ ఖాళీ బరువుని టేర్ అంటాం, అది అరబ్బీలో పుట్టి ఇటలీ, ఫ్రాన్స్ మీదుగా వచ్చింది. డెమరేజ్, ఫోర్స్ మజూర్ (మన చేతిలో లేని కారణంతో ఒప్పందం నెరవేర్చలేకపోవడం) ఫ్రెంచ్ నుంచి. వీటి స్పెల్లింగ్ ఇంగ్లిష్ పద్ధతికి లొంగదు కాబట్టి రాసేవాళ్ళు తెలిసిన ఇంగ్లిష్ మాట ఏదో ఒకదానికి లాగేస్తారు. టేర్ వెయిట్ కాస్తా కన్నీళ్ళ టియర్ అయింది. ఫోర్స్ మజూర్ వీళ్ళ అమ్మకం ఒప్పందంలో ఫోర్స్ మెజర్ అయింది. రెండింటికీ ఎర్ర గీత లేదు.

వీటిని ఒకే గాట కట్టలేదు. టేర్ తప్పు కంటెయినర్ బరువు డిక్లరేషన్‌లో ఉంది. 2016 జులై 1 నుంచి నింపిన కంటెయినర్ మొత్తం బరువు ధ్రువీకరించి ఇవ్వకుండా ఓడెక్కించరు. అక్కడ చూసేది అంకె. పక్కన కిలోలు ఉన్నాక కన్నీళ్ళ బరువని ఎవరూ అనుకోరు, వదిలేయమన్నాను. ఒప్పందంలో తప్పుని మాత్రం వదలొద్దన్నాను. యాక్ట్ ఆఫ్ గాడ్ అనే ఇంగ్లిష్ మాటలో తుఫాను, భూకంపం లాంటివే పడతాయి. యుద్ధం, సమ్మె, ప్రభుత్వ నిషేధం వంటివి కూడా కలవాలంటే ఫ్రెంచ్ మాటే వాడాలి. యూసీపీ 36వ ఆర్టికల్ శీర్షిక కూడా అదే. మన 1872 కాంట్రాక్ట్ చట్టంలో ఆ మాట లేదు కాబట్టి రక్షణ ఎంతన్నది ఎక్కువగా ఒప్పందంలోని క్లాజు మీద ఆధారపడుతుంది. క్లాజు శీర్షికే తప్పుగా ఉంటే కోర్టులో ఓడిపోతారని కాదు, ఎదుటి లాయరుకి ఊరికే ఒక పట్టు ఇచ్చినట్టు. పైగా అసలు లోపం వేరే ఉంది. వీళ్ళ క్లాజులో శీర్షిక తప్ప ఏయే సందర్భాలు వర్తిస్తాయో రాయలేదు. ఆ పని లాయరుకి అప్పగించమన్నాను.

మొదట ప్రయత్నించింది, అది ఎక్కడ ఆగింది

ముందు అందరూ చేసేదే చేయించాను. ఒకరు ఎల్‌సీ పైకి చదవాలి, ఇంకొకరు ఇన్‌వాయిస్ మీద వేలు పెట్టి చూడాలి. దీనికి కారణం ఉంది. కన్ను దాటేసిన ల, ర తేడాని మన చెవి పట్టేస్తుంది. ఫ్లేమ్డ్, ఫ్రేమ్డ్ పైకి అంటే తేడా వినపడి తీరుతుంది.

ఆ రకం తప్పులు ఆగాయి. పేర్లు ఆగలేదు. గ్రానీతి అని రాసి ఉన్నా నోరు అలవాటుగా గ్రానైట్ అనే చదివేస్తోంది. పుట్టినప్పటి నుంచీ చీమకుర్తి చుట్టూ వింటున్న మాట మరి. అక్షరం అక్షరం విడగొట్టి చదవమంటే పని నత్తనడక అయింది, నెలాఖరులో నాలుగైదు షిప్‌మెంట్లు కలిసొచ్చినప్పుడు ఆ పద్ధతి మూలన పడింది. చదివించుకోవడానికి రెండో మనిషి దొరకడమే కష్టమైంది. పద్ధతి తప్పని అననుగానీ, ముగ్గురున్న ఆఫీసుకి అది సరిపడదు.

పనిచేసింది

అసలు ప్రశ్న మార్చాను. ఇంగ్లిష్ మాట కాగితం మీదికి ఎక్కడి నుంచి వస్తోంది? యార్డు నుంచి, పాత ఇన్‌వాయిస్ నుంచి, కొనుగోలుదారు విజిటింగ్ కార్డు నుంచి, స్పెల్ చెక్ నుంచి. అన్ని దారుల్లో కాపలా కాయడం కన్నా దారులు మూయడం తేలిక.

యార్డు దారి ముందు మూశాం. సూపర్‌వైజర్ ఇకమీదట స్లిప్పు తెలుగులోనే రాయాలి. రాయి, మందం, ఫినిష్, పలకల సంఖ్య, ఏ ఫ్రేములో ఎన్ని. ఫ్లేమ్డ్ అని తెలుగులో రాస్తే ఫకి ల వత్తు, ఫ్రేమ్ అంటే ర వత్తు, ఒకటి రాయబోయి ఇంకోటి రాసే ప్రమాదం తక్కువ. ఆయన మొదట నొచ్చుకున్నాడు, నాకు ఇంగ్లిష్ రాదనుకుంటున్నారా అని. ఆఫీసులో ఆ స్లిప్పు నుంచి అంకెలు మాత్రమే తీసుకుంటారని, మాటలు ఎవరి దగ్గరా తీసుకోరని, యజమాని దగ్గర కూడా తీసుకోరని చెప్పాక సర్దుకున్నాడు.

రెండోది, ఇన్‌వాయిస్‌లో సరుకు వివరం టైపు చేయకూడదు. ఎల్‌సీలో 45ఎ గడిలో ఉన్నది కాపీ చేసి దించాలి. పాత ఇన్‌వాయిస్ తెరిచి మార్చే అలవాటు పూర్తిగా మానేశారు. కంప్యూటర్‌లో దానంతట అది దిద్దే సౌకర్యం తీసేయించాను. ఎర్ర గీత ఉండొచ్చు, గ్రానీతి కింద ఉండి తీరాలి అన్నాను. పెద్దాయనకి అది మింగుడు పడలేదు గానీ ఒప్పుకున్నారు.

మూడోది, షిప్పింగ్ కంపెనీ పంపే బీఎల్ ముసాయిదా. ఎల్‌సీ నుంచి పేరు కాపీ చేసి ముసాయిదాలో వెతకాలి. దొరికితే సరే, దొరక్కపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఇందులో ఒక చిక్కు తగిలింది. ఎల్‌సీని బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే స్విఫ్ట్ సందేశంలో పేరు, అడ్రసు ఉండే గడిలో లైనుకి 35 అక్షరాలే పడతాయి, అలాంటివి 4 లైన్లు. పొడుగు పేరు లైను చివర విరిగి సగం కిందికి దిగుతుంది. మొత్తం కాపీ చేసి వెతికితే ఒప్పుగా ఉన్నది కూడా దొరకదు. అందుకని ముక్కలుగా వెతకడం నేర్పాను, విరిగిన మాట ఒక్కదాన్ని అక్షరాలు విడగొట్టి చూడటం. ఇప్పుడు అక్షరం అక్షరం చదవాల్సింది ఎల్‌సీకి ఒకటో రెండో మాటలు, అంతే. అది ఒక్కరే చేసుకోగలరు.

యూరప్ పేర్లకి ఇంకో జాగ్రత్త. అక్షరాల మీద ఉండే చుక్కలు, గీతలు స్విఫ్ట్ సందేశంలోకి రావు. జర్మన్ల రెండు చుక్కల యు సాధారణంగా యు, ఇ అని రెండక్షరాలుగా వస్తుంది. విజిటింగ్ కార్డులో చుక్కలు, ఎల్‌సీలో రెండక్షరాలు, మన నోట్లో మ్యూనిక్. ఏది రాయాలి? బీఎల్‌లో నోటిఫై పార్టీ దగ్గర కొనుగోలుదారు అడ్రసు వస్తే అది ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలని యూసీపీ 14వ ఆర్టికల్ చెబుతుంది. కాబట్టి ఎల్‌సీలో ఉన్నదే. మిగతా కాగితాల్లో అడ్రసు కాస్త అటూ ఇటూ అయినా దేశం ఒకటైతే చాలని అదే ఆర్టికల్ సడలింపు ఇస్తుంది. అయినా ఆ అమ్మాయికి రెండు రూల్స్ చెప్పలేదు. అన్నిచోట్లా ఎల్‌సీ ప్రకారమే అన్నాను. హడావుడిలో గుర్తుండేది ఒక్క రూలే.

ఎల్‌సీలోనే తప్పుంటే?

అమ్మాయి అడిగిన మంచి ప్రశ్న ఇది. "సార్, వాళ్ళే తప్పు రాస్తే మనమూ తప్పే రాయాలా?"

ఏం తప్పన్న దాన్ని బట్టి. సరుకు వివరంలో ఎవరికైనా అర్థమయ్యే చిన్న తప్పయితే అలాగే దించేయమన్నాను. మన సొంత పేరులో తప్పుంటే మాత్రం ఎల్‌సీ మార్పించుకోవాలి. కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లులో మన పేరు ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టు వస్తుంది, ఆరిజిన్ సర్టిఫికెట్‌లో కూడా అంతే. వాటిని తప్పు స్పెల్లింగ్‌కి తగ్గట్టు మార్చలేం. మార్పుకి ఫీజుంటుంది, కొనుగోలుదారుని అడగాలంటే యజమానికి మొహమాటం. సరుకు ఓడెక్కకముందు అడిగితే అది మామూలు విన్నపం, ఎక్కాక అడిగితే బతిమాలడం అని చెప్పాను. ఒప్పుకున్నారు.

ఆ సందర్భంలోనే ఒక తమాషా బయటపడింది. వాళ్ళకొచ్చే ఎల్‌సీల్లో చాలావాటిలో ప్రోఫార్మా ఇన్‌వాయిస్‌ని పెర్ఫార్మా అని రాసి ఉంది. యూరప్ వాళ్ళు కూడా మనలాగే రాస్తారా అని అమ్మాయికి ఆశ్చర్యం. తీరా చూస్తే అది ఈ ఆఫీసు నుంచి వెళ్ళిందే. మన వైపు అందరూ పెర్ఫార్మా అనే అంటారు, అలాగే రాసి పంపారు. కొనుగోలుదారు బ్యాంకులో ఎల్‌సీ దరఖాస్తు నింపేటప్పుడు దాన్నే చూసి దించాడు. ఇక్కడ పుట్టిన తప్పు విదేశం తిరిగొచ్చి, మనం గౌరవంగా కాపీ కొట్టాల్సిన ఎల్‌సీ పాఠమైంది.

గోడ చార్టుకి అప్పుడు చోటు దొరికింది. దాన్ని తీసేయించలేదు. ప్రోఫార్మా తయారుచేసే ఫైలుకి జతచేయించాను. స్పెల్లింగ్ దిద్దుకోవాల్సింది అక్కడ, ఎల్‌సీ పుట్టకముందు. రాయి పేరు, ఫినిష్, మన పూర్తి పేరు, కొనుగోలుదారు పేరు వాళ్ళు రాసుకునే తీరులో, అన్నీ ప్రోఫార్మాలో సరిగ్గా ఉంటే ఎల్‌సీ చాలా వరకు సరిగ్గా వస్తుంది. ఎల్‌సీ వచ్చాక చార్టు చూడకూడదు. ఫినిష్ మాటల కోసం చార్టు కింద కొత్తగా నాలుగు వరసలు చేర్చాం, ఒక్కోదాని పక్కన అది ఏ మాటలా మారిపోగలదో కూడా. ఆ వరసలు ఆ అమ్మాయే రాసింది. ఫ్లేమ్డ్ పక్కన ఫ్రేమ్డ్, హోన్డ్ (నునుపు చేసి మెరుపు రానివ్వని ఫినిష్) పక్కన హార్న్డ్.

ప్రస్తుతం

కాగితాలు ఇప్పుడు ఓడెక్కిన వారంలోపే బ్యాంకుకి ఇస్తున్నారు, బీఎల్ చేతికి రావడం ఆలస్యమైతే తప్ప. ఇక్కడి బ్యాంకు ఏదైనా పట్టుకున్నా దిద్దే వ్యవధి ఉంటోంది. స్పెల్లింగ్ కారణంగా తిరస్కరణ మళ్ళీ రాలేదు. తిరస్కరణ అయితే ఒకటి వచ్చింది, ఎల్‌సీలో ఇచ్చిన ఆఖరి షిప్‌మెంట్ తేదీ దాటిపోయినందుకు. లారీలు, క్వారీ, ఓడ బుకింగ్ కలిసిన వ్యవహారం అది, విడిగా రాయాల్సిన కేసు. ఒప్పందంలోని ఫోర్స్ మజూర్ క్లాజు లాయరు దగ్గరే ఉంది. పాత కొనుగోలుదారులు ఇద్దరు పాత ఒప్పందం మీదే ఆర్డర్లు ఇస్తున్నారు, కొత్తది పంపి సంతకం అడగడానికి పెద్దాయన ఇంకా వెనకాడుతున్నారు.